గుడిమల్కాపూర్ పూలు, ఆసిఫ్‌నగర్ నీళ్లు



మెహిదీపట్నం నుంచి పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కిందుగా అత్తాపూర్ వైపు వస్తుంటే గుడిమల్కాపూర్ తగులుతుంది. పైన విమానాశ్రయానికి పోయే కార్లు, కింద పిల్లర్ నంబరు చెప్పి దారి అడిగే మనుషులు. ఇక్కడి మార్కెట్ యార్డులో తెల్లవారకముందే పూల బేరాలు మొదలవుతాయి. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు నుంచి బంతి, చామంతి, గులాబీ సంచుల్లో, గంపల్లో దిగుతాయి. దూరం నుంచి లారీలెక్కి వచ్చేవి వేరే ఉన్నాయి. ఒకప్పుడు ఈ టోకు వ్యాపారం మొజంజాహీ మార్కెట్ దగ్గరి జాంబాగ్‌లో సాగేది. అక్కడ ఇరుకైపోయి ఇక్కడికి వచ్చింది.

గుడిమల్కాపూర్ పక్కనే ఆసిఫ్‌నగర్ ఉంది. అక్కడి ఫిల్టర్ బెడ్స్ పేరు పాత నగరంలో పెద్దవాళ్లందరికీ తెలుసు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాలతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఉస్మాన్‌సాగర్ అంటే మనం గండిపేట అని పిలుచుకునే చెరువే. ఆ నీళ్లు పంపులు అక్కర్లేకుండా పల్లానికి పారి ఆసిఫ్‌నగర్ చేరతాయి, అక్కడ శుద్ధి అయి ఊళ్లోకి వెళతాయి.

ఒకచోట మనుషులూ సరుకులూ గుమిగూడతాయి. దాని పక్క బస్తీలో, నీళ్లలోని మట్టి రేణువులు ముద్దకడతాయి. ఈ రెంటినీ చదివే శాస్త్రాలు వేరు, చదివేవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూడరు. అయినా వాళ్ల ముందున్న ప్రశ్నలు మాత్రం దగ్గరి చుట్టాలు. చెదిరి ఉన్నవి ఎందుకు దగ్గరవుతాయి అన్నది మొదటి ప్రశ్న. దగ్గరైనవి ఎంత గట్టిగా పట్టుకుని ఉండాలి అన్నది రెండోది. మొదటిదాన్ని అందరూ అడుగుతారు. రెండోదాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఈ పూట నేను ముఖ్యంగా ఆ రెండో ప్రశ్న గురించే మాట్లాడదలచుకున్నాను.

ముందు నీళ్ల సంగతి. వానాకాలం కొత్త నీళ్లు ఎర్రగా వస్తాయి. ఆ ఎరుపు సన్నటి బంకమట్టిది. ఒక రేణువు మిల్లీమీటరులో వెయ్యోవంతు, అంటే ఒక మైక్రాన్ వెడల్పు ఉందనుకోండి. 1851లో జార్జ్ స్టోక్స్ చెప్పిన సూత్రం ప్రకారం లెక్క వేస్తే, కదలని నీళ్లలో అది ఒక్క మీటరు దిగడానికి దాదాపు 13 రోజులు కావాలి. ఊరికి అంత ఓపిక ఎక్కడిది? కానీ రేణువు వెడల్పు పదింతలైతే దిగే వేగం వందింతలవుతుంది. పదమూడు రోజుల పని మూడు గంటల్లో అయిపోతుంది. నిజానికి రేణువులు కలిసి కట్టిన ముద్దలో నీళ్లు చిక్కుకుని ఉంటాయి కనుక అంత చురుగ్గా దిగదు. అయినా లాభం లాభమే.

అయితే రేణువులు తమంతట తాము ఎందుకు కలవవు? ఒక్కో మట్టి రేణువు పైన రుణ విద్యుదావేశం ఉంటుంది. ఒకే ఆవేశం ఉన్నవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. బాగా దగ్గరికి రాగలిగితే వాటి మధ్య వాండర్‌వాల్స్ ఆకర్షణ అనే ఒక బలం పట్టుకుంటుంది. కానీ ఆ దగ్గరికి చేరేలోపే తోసివేత అడ్డుపడుతుంది. ఈ తగువును లెక్కల్లో పెట్టినవాళ్లు నలుగురు. సోవియట్ దేశంలో డెర్యాగిన్, లాండౌ 1941లో, హాలెండులో వెర్వే, ఓవర్‌బీక్ 1948లో. ఆ నలుగురి పేర్ల మొదటి అక్షరాలతోనే ఆ సిద్ధాంతాన్ని డీఎల్‌వీఓ అంటారు.

పటిక చేసే పని ఇక్కడ అర్థమవుతుంది. పటికలోని అల్యూమినియం ధనావేశంతో నీళ్లలోకి వచ్చి రేణువుల మధ్య తోపులాటను చల్లారుస్తుంది. కొంత అల్యూమినియం హైడ్రాక్సైడుగా మారి, దూదిపింజల్లా తేలుతూ, దారిలో దొరికిన మట్టినల్లా తనలో ఇముడ్చుకుని కిందికి దిగుతుంది. మన పల్లెల్లో ఇండుపగింజను, కొన్నిచోట్ల చిల్లగింజ అంటారు, కుండ లోపలి అంచున అరగదీసి బురదనీటిని తేర్చుకునేవాళ్లు. ఆ గింజలోని పదార్థాలు కూడా రేణువులను ఒకదానితో ఒకటి ముడివేస్తాయి. గోదావరి అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసేచోట ఇదే పని ఉప్పు చేస్తుంది. ఉప్పునీళ్లలో తోసివేత అంత దూరం పనిచేయదు, నది మోసుకొచ్చిన సన్నటి బంకమట్టి ముద్దకట్టి అడుగుకు దిగుతుంది. కోనసీమ మట్టి పేరుకోవడంలో ఈ రసాయనానికీ ఒక వాటా ఉంది.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది కలియబెట్టడం. పటిక వేసిన వెంటనే నీటిని ఒక నిమిషం పాటు వడిగా తిప్పుతారు. తర్వాత ఇరవై ముప్పై నిమిషాలు మెల్లగా, చాలా మెల్లగా తిప్పుతారు. అసలు తిప్పకపోతే రేణువులు ఒకదానికొకటి అంతగా ఎదురుపడవు. గట్టిగా తిప్పితే కట్టిన ముద్దలు విరిగిపోతాయి. పటిక కూడా ఎంత ఎక్కువైతే అంత మంచిదని లేదు. మోతాదు మించితే రేణువుల మీద ఆవేశం తలకిందులై ధనావేశమవుతుంది, మళ్లీ తోపులాట మొదలవుతుంది. అందుకే శుద్ధి కేంద్రాల్లో ఇంజనీర్లు జార్ టెస్ట్ చేస్తారు. వరుసగా ఆరు గాజుపాత్రలు పెట్టి, ఒక్కోదానిలో ఒక్కో మోతాదు వేసి, దేనిలో నీరు బాగా తేరిందో చూసి ఆనాటి మోతాదు నిర్ణయిస్తారు. ఆనాటికే. రేపటి నీళ్లు వేరు.

నీళ్లలో ముద్ద ఈ మాత్రం పట్టుతో ఉంటే చాలు. ఇదే హైదరాబాదులో ఇంకా గట్టి పట్టు కావలసిన పనులున్నాయి. మందుబిళ్ల తీసుకోండి. సన్నటి మందుపొడి సాఫీగా జారదు, అచ్చులోకి సమంగా పడదు. అందుకని కొంత బంధకం కలిపి, తడిపి, ఆరబెట్టి పొడిని గుళికలుగా మారుస్తారు. ఆ గుళికలను అచ్చులో వేసి నొక్కితే బిళ్ల. అది సీసాలో, లారీలో, మన చొక్కా జేబులో చిట్లకూడదు. అయితే కడుపులోకి వెళ్లాక కరిగి విడిపోవాలి. పైపూత లేని మామూలు బిళ్ల 15 నిమిషాల్లో విడిపోవాలని భారత ఔషధ ప్రమాణ గ్రంథం నియమం పెట్టింది. అందుకోసం తయారుచేసేటప్పుడే, పట్టి ఉంచే పదార్థంతో పాటు విడగొట్టే పదార్థాన్ని కూడా కలుపుతారు. ఒకే బిళ్లలో రెండూ ఉంటాయి.

అదే ఊళ్లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది, 1971లో పెట్టింది. అక్కడ యురేనియం ఆక్సైడ్ పొడిని నొక్కి దాదాపు 1700 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. రేణువులు ఒకదానిలోకి ఒకటి అతుక్కుపోయి గట్టి గుళిక అవుతాయి. అది రియాక్టరులో చెక్కుచెదరకూడదు, విడిపోవడమన్న మాటే రాకూడదు. బాలాపూర్ దగ్గరి ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ వాళ్లను అడిగితే పొడుల గురించి మరో మాట చెబుతారు. నొక్కకముందే పొడిలో అక్కడక్కడా గట్టి ముద్దలు కట్టి ఉంటే, నొక్కినప్పుడు ఆ ముద్దల మధ్య సందులు మిగిలిపోతాయి. కాల్చినా ఆ సందులు పూడవు. తయారైన వస్తువు అక్కడే పగులుతుంది. మెత్తటి ముద్దలు నొక్కితే చితికి సర్దుకుంటాయి కాబట్టి వాటితో భయం లేదు.

ఇప్పుడు మళ్లీ గుడిమల్కాపూర్ యార్డులోకి వద్దాం. ఇక్కడ ఒక విషయం మనకు అలవాటై వింతగా తోచదు. చామంతి అమ్మేవాడి పక్కనే ఇంకో చామంతి వ్యాపారి, వాడి పక్కన ఇంకొకడు. ఒకే సరుకు అమ్మేవాళ్లు ఒకరికొకరు దూరంగా ఉండాలి కదా? కోడిపిల్లల వ్యాపారం దగ్గర నుంచి బంగారం దుకాణాల వరకూ మన ఊళ్లలో ఎక్కడా అలా లేదు.

ఆర్థికశాస్త్రంలో దీనికి జవాబు వెతికినవాళ్లలో ఆల్‌ఫ్రెడ్ మార్షల్ ముందువాడు. 1890లో తన పుస్తకంలో ఇంగ్లండులో కత్తులు చేసే షెఫీల్డ్ వంటి పట్టణాలను చూసి మూడు కారణాలు చెప్పాడు. పని తెలిసిన మనుషులు ఒకచోట దొరుకుతారు, ఆ పనికి కావలసిన చిన్న సరుకులు అమ్మేవాళ్లు చుట్టూ చేరతారు, పని కిటుకులు ఒకరి నుంచి ఒకరికి తెలియకుండానే పాకుతాయి. 1909లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ వేబర్ కర్మాగారాలు ఎక్కడ పెట్టాలన్న లెక్కల్లో ఈ గుమిగూడటాన్ని ఒక అంశంగా చేర్చాడు. 1991లో పాల్ క్రుగ్మన్ రాసిన వ్యాసం ఇంకో సంగతి తేల్చింది. మొదట్లో రెండు ప్రాంతాల మధ్య ఉన్న చిన్న తేడా, కొనేవాళ్లున్న చోటికి చేసేవాళ్లు, చేసేవాళ్లున్న చోటికి కొనేవాళ్లు పోతూ పోతూ పెద్దదైపోతుందని. ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇవన్నీ నిజమే. కానీ పూల మార్కెట్లో వీటన్నింటికన్నా ముందు కనిపించేది భయం. పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది. అమ్ముడుపోదేమోనని రైతుకు భయం. కావలసినంత దొరకదేమోనని పెళ్లిమండపం అలంకరించే మనిషికి భయం. కొనేవాళ్లు పదిమంది, అమ్మేవాళ్లు పదిమంది ఒకచోట చేరితే ఆ రెండు భయాలూ సగానికి సగం తగ్గుతాయి. ఊళ్లో ఒక్కడే వ్యాపారి ఉంటే వాడు చెప్పిందే ధర. యార్డులో పక్కవాడు ఎంత ఇస్తున్నాడో చెవిన పడుతూనే ఉంటుంది. గులాబీ అమ్మేవాడి వల్ల బంతి రైతుకు కూడా మేలే, ఎందుకంటే కొనేవాడు అన్నీ ఒక్కచోట దొరుకుతాయని వస్తాడు.

దీనికి తోడు ఈ నగరానికే ప్రత్యేకమైన బలం ఒకటుంది, దాన్ని ఏ పాఠ్యపుస్తకం చెప్పలేదు. హైదరాబాదుకు ఒక్క పంచాంగం కాదు, చాలా పంచాంగాలు ఉన్నాయి. ఆషాఢంలో తెలుగువాళ్లకు పెళ్లిళ్లుండవు. మరో ఊళ్లో అయితే పూల వ్యాపారి ఆ నెల ఈగలు తోలుకోవాలి. ఇక్కడ ఆషాఢమంటే బోనాలు. గోలకొండలో మొదలై సికింద్రాబాదు, లాల్‌దర్వాజ దాకా ప్రతి వారం పూలు కావాలి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతాలు, ఆ తర్వాత బతుకమ్మ. గునుగు, తంగేడు చేలగట్ల మీద దొరికినా బంతి చామంతి మార్కెట్ నుంచే రావాలి. ఇంకోవైపు దర్గాల ఉర్సులు, నాంపల్లి యూసుఫైన్ దర్గా మీద కప్పే పూల చాదర్లు, ముస్లింల పెళ్లిళ్లలో వరుడి ముఖం మీద వేలాడే సెహ్రాలు. హిజ్రీ సంవత్సరం సుమారు 354 రోజులే కనుక ఆ తేదీలు ఏటా 11 రోజుల చొప్పున ముందుకు జరుగుతూ, 33 ఏళ్లలో అన్ని ఋతువులనూ చుట్టివస్తాయి. ఒక పంచాంగంలో గిరాకీ పడిపోయిన నెలలో ఇంకో పంచాంగం ఆదుకుంటుంది. అందువల్లే దండలు కట్టే మనిషికి, సంచులు మోసే హమాలీకి ఏడాదిలో ఖాళీ రోజులు తగ్గుతాయి. పని ఉన్నచోటే పనివాడు నిలుస్తాడు. గుడిమల్కాపూర్‌లో జాంసింగ్ వెంకటేశ్వరస్వామి గుడి దగ్గరికీ, పక్క బస్తీల మసీదుల దగ్గరికీ వెళ్లే జనం ఒకే మార్కెట్‌ను బతికిస్తున్నారు. మతసామరస్యం గురించి మనం చాలా ఉపన్యాసాలు విన్నాం. అది గిరాకీ రూపంలో కూలివాడి పూట గడుపుతుందన్న సంగతి నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

మరి పట్టు సంగతి? మార్కెట్లో మనుషులను కట్టి ఉంచేవి చాలా ఉన్నాయి. తూకం మీద నమ్మకం ఒకటి. సరుకు అమ్ముడయ్యాక రైతు చేతికిచ్చే తక్‌పట్టీ అనే లెక్క చీటీ ఒకటి. ఇవి పటిక వంటివి, అనుమానాన్ని చల్లార్చి మనుషులను దగ్గరికి రానిస్తాయి. కానీ ఇంకో పట్టు ఉంది. అది అప్పు. విత్తనానికో, ఇంట్లో పెళ్లికో కమీషన్ ఏజెంటు ముందుగా డబ్బిస్తాడు, రైతు తన పంట ఆ ఏజెంటుకే తేవాలి. తెలంగాణలో, ఆంధ్రలో ఏ యార్డుకు పోయినా ఇది ఉన్నదే. కష్టకాలంలో బ్యాంకు ఇవ్వని డబ్బు ఏజెంటు ఇచ్చాడన్న మాట కొట్టిపారేయలేను. కానీ పక్క దుకాణంలో కిలోకు రెండు రూపాయలు ఎక్కువ పలుకుతున్నా ఆ రైతు అటు పోలేడు. అప్పుడు అతని చుట్టూ ఎంతమంది కొనేవాళ్లున్నా అతనికి ఉన్నది ఒక్కడే. పొడిలో గట్టి ముద్దల గురించి చెప్పాను కదా, మార్కెట్లో ఇవే ఆ ముద్దలు. బయటినుంచి చూస్తే యార్డు కిటకిటలాడుతుంటుంది, లోపల మాత్రం సందులు మిగిలిపోయి ఉంటాయి.

విడిపోయే వీలు ఎంత పని చేస్తుందో హైదరాబాదు మందుల పరిశ్రమ చూపించింది. 1961లో ప్రభుత్వరంగంలో ఐడీపీఎల్ ఏర్పడింది, దాని కర్మాగారం ఒకటి ఇక్కడ బాలానగర్‌లో వచ్చింది. అక్కడ పనిచేసి బయటికి వచ్చినవాళ్లలో కల్లం అంజిరెడ్డి ఒకరు. ఆయన 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. అలా ఐడీపీఎల్‌లో పని నేర్చుకుని సొంతంగా చిన్నా పెద్దా కంపెనీలు పెట్టినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లు ఉద్యోగానికి అతుక్కుపోయి ఉంటే ఐడీపీఎల్ ఒక్కటే మిగిలేది, మందుల నగరం పుట్టేది కాదు. దీనికి వెనక ఒక చట్టం కూడా ఉంది, దాన్ని ఎవరూ తలచుకోరు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్, మనిషి తనకు నచ్చిన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా ఆపే ఒప్పందం చెల్లదంటుంది. ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదని రాయించుకున్నా మన కోర్టుల్లో అది నిలవడం కష్టం. కాలిఫోర్నియాలోనూ చట్టం ఇలాగే ఉంది. సిలికాన్ వ్యాలీ, బోస్టన్ దగ్గరి రూట్ 128 కంటే ముందుకు పోవడానికి మనుషులు ఒక కంపెనీ నుంచి ఇంకోదానికి సులువుగా మారడం పెద్ద కారణమని ఆనలీ సాక్సీనియన్ 1994లో రాసిన పుస్తకంలో వాదించింది.

గుమిగూడినచోట లాభాలే పోగవుతాయని అనుకోకూడదు. పటాన్‌చెరు చుట్టూ పరిశ్రమలు చేరినట్టే వాటి వ్యర్థాలూ చేరాయి. నక్కవాగు వెంబడి పొలాలున్న రైతులు ఆ ధర చెల్లించారు, వాళ్లకు కంపెనీల లాభంలో వాటా లేదు.

గుంపు శాశ్వతం కూడా కాదు. గుడిమల్కాపూర్ పక్కనున్న కార్వాన్‌నే చూడండి. కుతుబ్‌షాహీల కాలంలో బిడారులు ఆగే చోటు అది, వజ్రాల వ్యాపారులు అక్కడ మకాం ఉండేవారు. గోలకొండ వజ్రాలన్నవి గోలకొండలో దొరకలేదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు వంటి గనుల నుంచి వచ్చేవి. ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే కొల్లూరు గనిలో అరవైవేల మంది పనిచేస్తున్నారని రాసుకున్నాడు. 1671లో కట్టిన టోలీ మసీదు ఆ కలిమి గురుతుగా కార్వాన్‌లో ఇంకా నిలిచి ఉంది. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైంది, తర్వాతి శతాబ్దంలో బ్రెజిల్ వజ్రాలు బయటపడ్డాయి, గనులూ వట్టిపోయాయి. వ్యాపారులు చెదిరిపోయారు. ఈనాడు లోకంలోని వజ్రాల్లో ఎక్కువ భాగాన్ని సానబట్టేది సూరత్. అక్కడ వజ్రాల గనులు లేవు. పని తెలిసిన చేతులున్నాయి.

మళ్లీ పూల దగ్గరికి వస్తే, హాలెండులోని ఆల్స్‌మేర్ పూల వేలంశాల ప్రపంచంలో అతి పెద్దది. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో రైతులే రెండు వేలం సంఘాలు పెట్టుకున్నారు, 1968లో అవి ఒకటయ్యాయి. అక్కడ వేలం పైధర నుంచి కిందికి దిగుతుంది, ముందు మీట నొక్కినవాడిది సరుకు. ఇప్పుడు కొనుగోలుదారుల్లో చాలామంది ఇంట్లో కూర్చుని కంప్యూటరులోనే మీట నొక్కుతున్నారు. ఇక మార్కెట్లు అక్కర్లేదని దీన్ని చూపి చెప్పేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆల్స్‌మేర్‌లో ఆ ఏర్పాటు నిలబడటానికి కారణం రైతుల సహకార సంఘం, నాణ్యతకు ఒప్పుకున్న గ్రేడులు, డబ్బు చేతికి వస్తుందన్న నమ్మకం. ఆ మూడూ ముందు, కంప్యూటరు తెర తర్వాత. మనం తెర తెచ్చి మిగతావి వాటంతటవే వస్తాయనుకుంటున్నాం.

మార్కెట్లను తరలించడం మన నగరాలకు తప్పదు. జాంబాగ్ నుంచి టోకు వ్యాపారం ఇక్కడికి వచ్చింది, అయినా జాంబాగ్‌లో పూల దుకాణాలు పూర్తిగా మాయం కాలేదు. రేపు ఇక్కడా ఇరుకైతే ఔటర్ రింగురోడ్డు అవతలికి పొమ్మనే రోజు రావచ్చు. అప్పుడు అధికారుల ముందు ఎకరాలు, షెడ్లు, లారీల పార్కింగు ఉన్న నక్షా ఉంటుంది. నా విన్నపం ఏమిటంటే, ఆ నక్షా గీయకముందు ఒక ఏడాది పొడుగునా, అన్ని పండుగల్లో, అన్ని ఉర్సుల్లో మార్కెట్‌కు ఎవరెవరు వస్తున్నారో లెక్క రాయాలి. చీకట్లోనే నడిచి వచ్చి నాలుగు కిలోలు కొనుక్కుని మూరల్లెక్కన అమ్ముకునే ఆడమనిషి కొత్త చోటికి ఏ బస్సులో వస్తుంది, ఆ బస్సు తెల్లవారుజామున ఎన్నింటికి బయలుదేరుతుంది అన్నది రాయాలి. దారం అమ్మేవాడికి, దండలు కట్టేవాళ్లకు, చాయ్ బండికి షెడ్డు లోపలే చోటు చూపాలి. రైతు తీసుకున్న అప్పు, అమ్మిన సరుకు వేర్వేరు కాగితాల మీద ఉండాలి, సరుకు ఎవరికైనా అమ్ముకుని అప్పు మాత్రం తీర్చే వీలుండాలి. కొత్త యార్డు తెరిచాక కూడా పాత చోట కొన్నాళ్లు చిన్న అంగడి నడవనివ్వాలి. ఒక్క రాత్రిలో తాళం వేయకూడదు.